అలికిన నేల కింద

నమోదు 4712
ఉదయం ఆరు. మూడో మీటరు: 38.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని ఆఫీసు వాళ్ల నియమం. పదమూడేళ్లు నోరు మూసుకుని పాటించాను. ఈరోజు కోళ్లు చచ్చి వచ్చాయి. ఆ సంగతి రాయడానికి వేరే పుస్తకం లేదు కాబట్టి ఇందులోనే రాస్తున్నాను. ఆఫీసు వాళ్లకు కోపం వస్తే వాళ్లే వచ్చి చెరిపేసుకోవచ్చు.

నేను అసిరితల్లిని. నడిసముద్రంలో అగ్నిపర్వతపు దీవి కొత్తకొండ, అక్కడి వేడి స్టేషన్‌లో గాలి కొలిచే పని నాది; మూడో మీటరు మా ఇళ్ల నేలలోంచి పైకొచ్చే వాయువును కొలుస్తుంది. కొండ లోపలి ఆవిరితో కరెంటు తీసి, సముద్రం అడుగున వేసిన తీగ మీద ఒడ్డుకు పంపుతాం. సముద్రం శ్రీకాకుళం తీరాన్ని తినేశాక మా పేటల వాళ్లకు దొరికిన పని ఇదే. లోపల నలభై ఒక్కరం ఉంటాం. మా ఆయన దాలినాయుడు ఒక్కడే బయట రేవులో ఉండి, ఓడ దింపిన సరుకును మాకు పంపుతుంటాడు.

లోపల అంటే నిజంగా లోపలే. ఒకప్పుడు లావా ఏరులా పారింది. పైపొర గట్టిపడింది, లోపలిది సముద్రంలోకి జారిపోయింది. మిగిలిన సొరంగంలో మేం కాపురం ఉంటున్నాం. వెడల్పున్న చోట ఇళ్లు, మెషిన్ హాలు. ఇళ్ల మీద కప్పులో పెద్ద చిల్లు ఉంది. డెబ్బై మీటర్ల ఎత్తు, నున్నటి గోడలు. అందులోంచి వెలుతురు వస్తుంది, గాలి వస్తుంది, మనిషి మాత్రం పోలేడు. బయటికి దారి ఒక్కటే. సొరంగం కిందికి దిగి, పల్లం దాటి, మళ్లీ ఎక్కి రేవులో తేలుతుంది. ఆ దారి పొడవునా పట్టాలు, వాటి మీద తాడుతో లాగే ట్రాలీ.

ఆ ట్రాలీలోనే పన్నెండు కోళ్లు వచ్చాయి. పన్నెండూ కాళ్లు చాపేశాయి. తెగులు కోళ్లు అంటగట్టావని నేను ఫోన్‌లో మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఎక్కించినప్పుడు ఒకటి నా సెయ్యి పొడిసింది కూడానే! సచ్చిన కోడి పొడుస్తాదేటి?" అని ఆయన కూడా గట్టిగానే అరిచాడు.

కొడుకు మీద ఈగ వాలనివ్వని మా అత్త దానమ్మ పక్కనే నిలబడి అంతా వింది. "నా కొడుకు మంచి కోళ్లే పంపుంటాడు. మీ ట్రాలీవోళ్లే గొంతు పిసికీసుంటారు" అంది. కోళ్లను తినాలా పారేయాలా అని మధ్యాహ్నం దాకా తగువు జరిగింది. చివరికి పారేశాం.

నమోదు 4713
మూడో మీటరు: 36.

సిమ్మన్న చావు తప్పించుకున్నాడు.

ట్రాలీ తాడు చూసి రావడానికి సిమ్మన్న, గవరయ్య అన్న కలిసి వెళ్లారు. గవరయ్య మా స్టేషన్ పెద్ద. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఈ సొరంగంలో కప్పు తగలని చోటు ఆయనకు లేదు. పదమూడేళ్లుగా మెడ వంచి నడిచి నడిచి, మెషిన్ హాల్లో కూడా వంగే నడుస్తాడు. పల్లంలో సిమ్మన్న చెప్పు వారు తెగిందని కిందికి కూర్చున్నాడట. కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. గవరయ్య అతని కాలర్ పట్టుకుని పైకి లేపి, భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. సిమ్మన్నకు తెలివి వచ్చేసరికి పావుగంట పట్టింది.

నేను నూనె దీపం తీసుకుని పల్లంలోకి వెళ్లాను. దీపాన్ని ముఖం దగ్గర పట్టుకుంటే వెలుగుతోంది. నెమ్మదిగా దించాను. సరిగ్గా నా నడుము దగ్గర ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి మళ్లీ దించాను. మళ్లీ అక్కడే ఆరింది.

అది బొగ్గుపులుసు వాయువు. కొండ లోపలి నుంచి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, మామూలు గాలి కంటే బరువు. వేడిగా ఉంటే పైకి లేస్తుంది, చల్లబడితే నీళ్లలా పల్లానికి పోయి నిలుస్తుంది. కోళ్లు నేలకు జానెడు ఎత్తున ఆ చెరువు అడుగున ప్రయాణం చేసి వచ్చాయి. మా ఆయనకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

గురువారం కాబట్టి ఇళ్లన్నీ తడితడిగా ఉన్నాయి. నేనూ మా ఇల్లు అలికాను. ఎంత కంగారున్నా ఆ పని ఆగదు, మా అత్త ఆగనివ్వదు.

నమోదు 4715
మూడో మీటరు: 36.

దీపం ఇవాళ నా ఛాతీ దగ్గర ఆరింది.

ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. నా కొలతలే నాకు చదివి వినిపించాడు. మొదటి ఏడు నాలుగు వందలు, అయిదో ఏడు రెండు వందలు, ఇప్పుడు ముప్పై ఆరు. "కొండ చల్లబడుతోందని మీరే కదండీ రాశారు" అన్నాడు. నిజమే. నాలుగేళ్ల క్రితం ఆ రాతలు చూసే మా ఊపిరి సిలిండర్లన్నీ వాళ్లు వెనక్కి తీసుకుపోయారు. అప్పుడు నేను సంతోషంగా సంతకం పెట్టాను. సిలిండర్లు పెట్టిన గదిని మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి వాడుకున్నాం.

పన్నెండు రోజుల్లో, అంటే 4727న ఓడ వస్తుందని, అప్పటిదాకా పని ఆపొద్దని చెప్పాడు. ఇప్పుడే తలలు పైకెత్తి నడుచుకుంటూ పల్లం దాటి రేవులో కూర్చుందామని నేనన్నాను. గవరయ్య ఒప్పుకోలేదు.

"మెషిన్లు వొదిలీసి పోతే ఒడ్డున కరెంటు పోతాది సెల్లీ. పంకా పెట్టి గాలి తోసీద్దాం. రెండ్రోజుల్లో తేలిపోతాది" అన్నాడు.

నేను సరే అన్నాను. గట్టిగా కాదనాల్సింది. నాకు నా మీటరు మీద నమ్మకం ఉంది కాబట్టి అనలేదు.

నమోదు 4718
మూడో మీటరు: 38.

టార్పాలిన్లు, పాత తెరచాప గుడ్డలు కలిపి కుట్టి పెద్ద గొట్టం చేశాం. మెషిన్ హాలు పంకాను దానికి కట్టి రెండు రోజులు పల్లంలోకి గాలి తోశాం. ఒక్క అంగుళం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇవాళ పల్లం మొదట్లో నిలబడి, పొడవాటి కర్రకు దీపం కట్టి ముందుకు చాపాను. కప్పు దాకా ఎత్తినా ఆరిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ నేల కదిలింది. గిన్నెలు దొర్లాయి, పిల్లలు ఏడ్చారు. కాసేపటికి ట్రాలీ తాడు లాగితే రాలేదు. పల్లంలో పట్టా ఊడి ట్రాలీ పక్కకు ఒరిగి ఉంటుంది. బియ్యం ఇరవై రోజులకు ఉన్నాయి. నీళ్లు ఆవిరి నుంచి వస్తాయి. ఊపిరికి పైన చిల్లు ఉంది. చావడానికి తొందరేమీ లేదు, బయటపడటానికి దారీ లేదు.

ఫోన్ తీగ మాత్రం బతికే ఉంది. "నానొచ్చేస్తానే. తడిగుడ్డ మొకానికి కట్టుకుని ఒక్క పరుగు" అన్నాడు మా ఆయన.

"ఆ గాలికి తడిగుడ్డా పొడిగుడ్డా ఏటీ లేదు. నువ్వు అడుగెట్టినావంటే పల్లంలో నీ మీంచి నడిసి రావాలి నాను. అక్కడే ఉండు" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. నాకు చాలా భయంగా ఉంది.

నమోదు 4719
మూడో మీటరు: 39.

అందరూ మెషిన్ హాల్లో నా చుట్టూ చేరి అడిగారు, ఈ గాలి ఎక్కణ్నుంచి వస్తోందని. చెప్పక తప్పలేదు.

భూమి పైపెంకు ఒక్క ముక్క కాదు, చాలా పలకలు. మన దేశాన్ని మోస్తున్న పలక కదులుతూ వచ్చి, ఇక్కడ ఇంకో పలక కిందికి దూరుతోంది. ఏడాదికి రెండు వేళ్ల మందం. సముద్రం అడుగున కోట్ల ఏళ్లు నానిన రాయి అది, నిండా నీళ్లు తాగి ఉంది. లోతుకు దిగేకొద్దీ వేడికి ఆ నీళ్లను కక్కేస్తుంది. ఆ నీళ్లు పైనున్న రాయికి తగులుతాయి. ఉత్త బెల్లం ముక్కను మూకుట్లో వేస్తే మాడుతుంది. గ్లాసుడు నీళ్లు పోస్తే అదే మంట మీద పాకమవుతుంది. రాయి కూడా అంతే, తడి తగిలితే తక్కువ వేడికే కరుగుతుంది. కరిగినది తేలిక, పైకి వస్తుంది. వచ్చి మన కింద ఒక గదిలో చేరుతుంది. లోతులో ఉన్నంతసేపు వాయువు అందులో కరిగి ఉంటుంది, పైకి వచ్చేకొద్దీ బుడగలై విడిపోతుంది. దానికి దారి ఉంటే సన్నగా పోతుంది. లేకపోతే కల్లుకుండ మూతి బిగించినట్టే.

దానికి దారి ఉంటే ఏ దారి, ఇన్నాళ్లూ ఏ దారిన పోయింది, ఇప్పుడెందుకు పల్లానికి పోతోంది అని గవరయ్య అడిగాడు. నాకు తెలియలేదు.

ముసలి ఎర్రయ్య తాత చెయ్యి ఎత్తాడు. "అయితే మునిగిపోయిన మనూరు కూడా నడిసి నడిసి ఇక్కడికొచ్చీస్తాదేటే?"

"వొస్తాది తాతా. మూడు కోట్ల ఏళ్లు పడతాది."

"అప్పుడు దాకా ఈ కంపెనీ బియ్యం పంపుతాదంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత పెద్ద శబ్దంతో నేల మళ్లీ అదిరింది, ఎవరి పక్కల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయాం.

నమోదు 4720
మూడో మీటరు: పొద్దున 39, మధ్యాహ్నం 35.

పొద్దున ముప్పై తొమ్మిది. ఆడవాళ్లంతా అలుకు పని ముగించాక చూస్తే ముప్పై అయిదు. నా కళ్ల ముందే తగ్గింది. లోపలికి వెళ్లి పాత పుస్తకాలన్నీ తీశాను. పదమూడేళ్ల అంకెలు. ప్రతి గురువారం తగ్గుతుంది. బుధవారం దాకా రెండు మూడు పెరుగుతుంది. మళ్లీ గురువారం తగ్గుతుంది. సముద్రం ఆటుపోట్ల వల్ల కాబోలు అనుకుని ఎప్పుడో ఒక ఏడు మార్జిన్‌లో రాసుకున్నాను కూడా. తెలివితక్కువదాన్ని.

మేం వచ్చిన కొత్తలో ఇళ్ల నేల నిండా నెర్రెలు ఉండేవి. వాటిలోంచి వెచ్చటి ఆవిరి, కుళ్లిన గుడ్ల వాసన. అన్నం సయించేది కాదు. మా అత్తకు శుక్రవారం పూజకు ముందు నేల అలకకపోతే ప్రాణం ఒప్పదు. పేడ ఎక్కడుంది ఇక్కడ? కొండబూడిద జల్లించింది, ఆల్చిప్పలు కాల్చి గుల్లసున్నం చేసింది, రెండూ కలిపి బెల్లం నీళ్లతో మెత్తగా నూరి అలికింది. వాసన పోయింది. వారంలో ఊరందరూ నేర్చుకున్నారు. ఎవరి నేల నున్నగా ఉందో అని పోటీలు పడేవాళ్లం. నాది ఎప్పుడూ రెండో స్థానమే, మొదటిది ఎవరిదో చెప్పక్కర్లేదు.

పేడతో అలికిన నేల గాలి పీలుస్తుంది, వదులుతుంది. బూడిదా గుల్లసున్నం కలిస్తే రాయి అవుతుంది. ఆరు వందల డెబ్బై గురువారాలు, ఒక పొర మీద ఇంకో పొర. వెచ్చగా పైకి లేచి కప్పు చిల్లులోంచి పోవాల్సిన వాయువుకు మేమే దారి మూసేశాం. అది రాతి సందుల్లో పక్కకు పాకి, చల్లబడి, పల్లంలో తేలింది. కొండ చల్లబడలేదు. మేం చేత్తో దాని నోరు నొక్కాం, నేను అది నిద్రపోతోందని ఆఫీసుకు రాశాను.

నమోదు 4721
మీటరు చూడలేదు.

నేలలన్నీ పగలగొట్టాలని చెప్పాను. గవరయ్య వెంటనే తల ఊపాడు. మా అత్త ఊపలేదు. ఆవిడ నడుము వంగిపోయి ఉంటుంది, తల నా నడుము దాటి రాదు. అయినా ఆవిడ ముందు నిలబడితే నేనే చిన్నదాన్ని అనిపిస్తుంది.

"పదమూడేళ్లు ఈ సేత్తో అలికినాను. ఒక్క పిల్లగుంటకి దగ్గు రాలేదు. ఇప్పుడది తప్పంటావేటే?"

"తప్పు నీది కాదత్తా. కొండ సల్లారిందని రాసినదాన్ని నాను."

"మరి నానే కదేటి సల్లార్సింది?" అంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. మామయ్య పోయినప్పుడు కూడా ఏడవలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను, చెయ్యి పట్టుకోనిచ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుంది. "ముందు నాది పగలగొట్టు. ఊరందరివీ పగిలినాక నాది పగిలితే మొకం సూపించలేను."

గవరయ్యే గునపం పట్టాడు. మొదటి పోటు జారిపోయింది. రెండోదీ జారింది. "ఏం రాయి సేసినావే పిన్నీ!" అన్నాడు. అంత బాధలోనూ మా అత్త ముఖం వెలిగింది. ఎనిమిదో పోటుకు పెచ్చు లేచింది, కింద నుంచి ఆవిరి బుస్సుమని కొట్టి ఆయన చేతుల మీద బొబ్బలెక్కాయి. సాయంత్రానికి పద్నాలుగు ఇళ్లూ తవ్వేశాం. సామాను, పిల్లలు, నలభై ఒక్కరం మెషిన్ హాల్లోకి మారి, తలుపు దగ్గర టార్పాలిన్ కట్టుకున్నాం. కాళ్లు చాపుకోవడానికి చోటు లేదు.

నమోదు 4722
మూడో మీటరు: 940.

ఆఫీసుకు ఈ అంకె చెప్పాను. ఆ మర్యాదస్థుడు ఫోన్ కింద పెట్టి పరుగెత్తిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో పెద్దమనిషి మాట్లాడాడు. ఓడ అయిదో రోజునే వస్తుందట, దానికంటే ముందు రాలేదట. సిలిండర్లు లేవట. రేవులో మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగుతుంది, ఆ తర్వాత కొండ దగ్గర ఓడను ఉంచలేమన్నాడు. మేం రాగలమా అని అడిగాడు. పల్లం ఖాళీ అయితే వస్తామన్నాను.

నమోదు 4725
మూడో మీటరు: 1,310.

పల్లంలోకి కొత్త వాయువు రావడం తగ్గింది. ఇప్పుడు పంకా పని చేస్తోంది. నిన్నటికి పల్లం లోతులో దీపం నా నుదుటి దగ్గర ఆరింది, ఇవాళ గడ్డం దగ్గర. ఇళ్ల నేల మీద చెప్పులతో కూడా నిలబడలేం. మెషిన్ హాలు గోడ వెచ్చబడింది. నేల రోజుకు ముప్పై సార్లు కదులుతోంది. కింద కరిగిన రాయి మా వైపు వస్తోంది. పల్లం ఖాళీ కావడమా, ఆ రాయి పైకి రావడమా, ఏది ముందో తెలియదు.

పిల్లలు ఆటలు మానేశారు. గవరయ్య భార్య నర్సయ్యమ్మ నలభై మందికి గంజి కాచి పోస్తూ, ప్రతివాళ్లనూ ఏదో ఒక మాట అని నవ్విస్తోంది. మొగుడికి మాత్రం "నిన్ను సగానికి మడతెడితే ఇద్దరికి సోటొస్తాది" అని చెప్పింది. నిజంగానే ఆయన మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాడు.

నమోదు 4726
మీటరు కాలిపోయింది.

దీపం ఆరే ఎత్తు నాలుగడుగులు. రేపటికి ఇంకో రెండంగుళాలు తగ్గొచ్చు, అంతే. రేపు వెళ్లాల్సిందే.

మిగిలిన సున్నంతో పల్లం గోడ మీద, వెళ్లగలిగినంత దూరం ఆ ఎత్తున తెల్లగీత గీశాను. గీత కింద తల పెట్టకూడదు. పల్లం పొడవు నాలుగు వందల అడుగులు. నెమ్మదిగా, తల ఎత్తి, ఒకరి వెనక ఒకరు. పిల్లలు భుజాల మీద. చెప్పు ఊడితే వదిలేయాలి, మూట జారితే వదిలేయాలి, పక్కవాడు పడితే ముందుకు తోసుకుపోవాలి తప్ప వంగకూడదు. మా వాళ్లు ఏ ఇల్లు వదిలినా వంగి నేల తాకి కళ్లకద్దుకుంటారు. ఆ మొక్కులేవో ఇక్కడే మొక్కేసుకోండి, పల్లంలో మొక్కినవాళ్లు దేవుడి దగ్గరికే పోతారని గట్టిగా చెప్పాను. మెషిన్ హాల్లో అటూ ఇటూ పదిసార్లు నడిపించాను. అందరికంటే తిట్లు తిన్నది గవరయ్యే. రెండడుగులు వేసేసరికి ఆయన మెడ దానంతటదే వంగుతుంది. "అన్నా, వంగకు!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది.

మా అత్తను ఎవరు మోయాలన్నది చివరి తగువు. గవరయ్య ఎత్తుకుంటానన్నాడు. "నాను మగోడి వీపెక్కను. నా కోడలు మోస్తాది" అంది ఆవిడ. మొండితనానికి ఒళ్లు మండింది. అయినా, నన్ను కోరి ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరే అన్నాను.

నమోదు 4728
ఓడ మీద.

నిన్న ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాం. పొట్టివాళ్లు, పిల్లల్ని మోసేవాళ్లు ముందు. వాళ్లలో నర్సయ్యమ్మ కూడా వెళ్లిపోయింది. సిమ్మన్న నా ముందు. నేను, నా వీపు మీద అత్త. చివర గవరయ్య, దీపం పట్టుకుని. ఆయన అలా నిటారుగా నడవడం నేను మొదటిసారి చూశాను. కప్పుకు తల రాసుకుని నెత్తురు కారుతున్నా వంచలేదు.

సగం దాటాం. అవతల వెలుతురు కనిపిస్తోంది, మా ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు. అప్పుడు నేల ఒక్కసారిగా అదిరింది. నా కాలు ఊడిన పట్టా కిందికి జారి ఇరుక్కుంది. మోకాళ్ల మీద పడ్డాను. నా తల గీత కిందికి పోయింది. ఊపిరి బిగపట్టాను. అత్త నా మీద ఉంది, ఆవిడ బరువుకు లేవలేకపోయాను.

గవరయ్య ముందు వంగకుండానే అత్తను జబ్బ పట్టి పైకి లాగి, సిమ్మన్న చేతుల్లో పెట్టాడు. నన్ను జుట్టు పట్టి లాగాడు. కాలు రాలేదు. నా ఛాతీ పగిలిపోతోంది. ఆయన దీపం పారేసి వంగాడు. రెండు చేతులతో పట్టా ఎత్తడం నాకు తెలిసింది. కాలు వదులైంది. నడుము కింద చెయ్యి వేసి నన్ను పైకి విసిరినట్టు తోశాడు. నేను గీత పైకి వచ్చి గాలి పీల్చాను. ఆయన రాలేదు.

కేకలు వేశాను. వంగబోయాను. సిమ్మన్న అత్తను ముందువాళ్లకు అందించి, వెనక్కి వచ్చి నన్ను పట్టుకుని ఈడ్చుకుపోయాడు. రేవు వైపు నుంచి కొక్కెం కట్టిన తాడు వేసి నలుగురు లాగితే గవరయ్య బయటికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇసుక మీద పడుకోబెట్టి ఎంతసేపు ఊపిరి ఊదినా లాభం లేకపోయింది.

పదకొండున్నరకు ఓడ కదిలింది. మూడు గంటలకు కొండ పగిలింది. ముందు మా ఇళ్లున్న చోటు నుంచి తెల్లటి ఆవిరి, తర్వాత నల్లటి బూడిద నిలువుగా లేచింది. రాళ్లు సముద్రంలో పడటం ఇక్కడికి వినిపించింది. రేవు కూడా మిగల్లేదు. నలభై మందిమి, మా ఆయన, గుడ్డ కప్పిన గవరయ్య ఈ ఓడ మీద ఉన్నాం.

ఇవాళ పొద్దున నర్సయ్యమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నిన్నటి నుంచి ఆవిడకు ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతున్నాను.

"ఆడికి రాత్రంతా నాను కూడా సెప్పినాను, వంగకురా అని. వంగనని ఒట్టేసినాడు. ఏటైనాదే? అలవాటుకొద్దీ వంగీసినాడేటి?"

అవునంటే సరిపోయేది. సిమ్మన్న కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"అలవాటు కాదక్కా. నా కాలు ఇరుక్కుంది. నాకోసం వంగినాడు. కొండ సల్లారిందని తప్పు రాసింది నాను, వంగొద్దని సెప్పింది నాను, పడింది కూడా నానే" అన్నాను.

కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. నర్సయ్యమ్మ ముందుకు జరిగి నా కాలును తన ఒళ్లోకి లాక్కుంది. "ఏ కాలు? ఇదేనా?" అని, మా ఆయన చుట్టిన కట్టు విప్పింది. మడమ దగ్గర వాచి నల్లబడి ఉంది. దాన్ని అరచేత్తో కొంచెంసేపు పట్టుకుని, తన చీర కొంగు చింపి, మళ్లీ గట్టిగా కట్టింది.